నిప్పుకి ధర ఎవరు కట్టాలి? డార్క్ ఫాంటసీ నాయికలు మనల్ని పట్టేసే తీరు

"ది పాపీ వార్" నవలలో, టికానీ అనే మారుమూల ఊళ్లో రిన్ అనే పిల్ల ఉంటుంది. యుద్ధం వల్ల అనాథ అయింది. పెంచుకున్నవాళ్లది నల్లమందు వ్యాపారం. ఆ పని ఈ పిల్ల చేత కూడా చేయిస్తారు. ఈడు రాగానే తనకంటే ఎంతో పెద్దవాడికి కట్టబెట్టాలని చూస్తారు, ఆ సంబంధం వల్ల వ్యాపారం సాఫీగా సాగుతుంది కాబట్టి. తప్పించుకోవడానికి ఉన్నది ఒక్కటే దారి. దేశమంతటా జరిగే కేజూ పరీక్ష రాసి, రాజధానిలోని సైనిక విద్యాలయంలో సీటు తెచ్చుకోవాలి. రెండేళ్లు చదువుతుంది. రాత్రి కళ్లు మూతలు పడుతుంటే వెలుగుతున్న కొవ్వొత్తి వంచి, కరిగిన మైనాన్ని చేతి మీద పోసుకుంటుంది. చర్మం కాలి బొబ్బ లేస్తుంది, నిద్ర ఎగిరిపోతుంది, పేజీ తిరుగుతుంది.

ఇక్కడ మనసులో "శెభాష్" అనుకోని పాఠకులు తక్కువ. ఎంట్రెన్స్ ర్యాంకుల కోసం పిల్లలు రాత్రిళ్లు ఎలా గడుపుతారో చూసిన తెలుగువాళ్లకి ఆ పరీక్ష గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. మొదటి నవల అయ్యేసరికి అదే పిల్ల ఒక దీవిని, దాని మీదున్న జనంతో సహా, కాల్చి బూడిద చేస్తుంది. ఆ శెభాష్ దగ్గర్నుంచి ఈ బూడిద దాకా మనం ఆమె వెంటే నడిచాం. ఎక్కడ ఆగి ఉండాల్సింది? పేజీలు వెనక్కి తిప్పి వెతికినా "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించడం చాలా కష్టం. ఉగ్రమైన నాయికలున్న డార్క్ ఫాంటసీ నవలల ఆకర్షణ, నా లెక్క ప్రకారం, ఆ కష్టంలోనే ఉంది.

ముందుగా ఒక హెచ్చరిక. ఆర్. ఎఫ్. క్వాంగ్ రాసిన "ది పాపీ వార్" మూడు నవలల కథ, ఎన్. కె. జెమిసిన్ రాసిన "బ్రోకెన్ ఎర్త్" మూడు నవలల్లోని ముఖ్యమైన మలుపులు ఇక్కడ బయటపడిపోతాయి. అవి చదవాలనుకుంటున్నవాళ్లు చదివి వచ్చాక దీన్ని చదవడం మేలు.

డార్క్ ఫాంటసీ అనే మాటని పుస్తకాలు అమ్మేవాళ్లు చాలా వదులుగా వాడతారు. అట్ట మీద కాకి, కత్తి, నల్ల గులాబీ ఉంటే చాలు, ఆ అరలో పెట్టేస్తారు. తేడా తెలుసుకోవాలంటే ఆయుధాన్ని చూడాలి. మన జానపద కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. చిలకని పట్టుకుంటే పని అయిపోతుంది, పట్టుకున్న రాకుమారుడి చేతికి మరక అంటదు. డార్క్ ఫాంటసీలో ఆ చిలకని పట్టుకున్న చెయ్యి మళ్లీ మునుపటిలా ఉండదు. శత్రువుని చంపగలిగే ఆయుధం ఒక్కటే ఉంటుంది, అది శత్రువుకంటే మంచిదేం కాదు. హారర్‌లో భయం ఎక్కువగా బయటినుంచి వస్తుంది. ఇక్కడ అది నాయిక సంపాదించుకున్న శక్తిలోంచే వస్తుంది. ఈ మధ్య విపరీతంగా అమ్ముడవుతున్న రొమాంటసీలో కథని నడిపేది ప్రేమ, చీకటి అనేది వాతావరణం మాత్రమే. దాన్ని ఇష్టపడటంలో తప్పు లేదు, కానీ అది ఇచ్చే అనుభవం వేరు.

ఇదంతా నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ అనుకునేవాళ్లు 1934 అక్టోబరు "వియర్డ్ టేల్స్" పత్రిక దాకా వెనక్కి వెళ్లాలి. సి. ఎల్. మూర్ అనే పేరుతో అమెరికాలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఒక యువతి అందులో "బ్లాక్ గాడ్స్ కిస్" అనే కథ రాసింది. మధ్యయుగపు ఫ్రాన్స్‌లో జోయ్‌రీ అనే కోటకి అధిపతి జిరెల్. గియోమ్ అనేవాడు కోటని గెలిచి ఆమెని బందీ చేస్తాడు. వాడి మీద పగ తీర్చుకునే ఆయుధం కోసం ఆమె కోట అడుగున ఉన్న సొరంగంలోంచి మరో లోకంలోకి దిగుతుంది. అక్కడ అంతా చీకటి. మెడలోని సిలువ తీసి వదిలేస్తే తప్ప ఆ లోకం కంటికి కనబడదు. తీసేస్తుంది. అది మొదటి చెల్లింపు. నల్లరాతి విగ్రహం నుంచి ఒక ముద్దుని మోసుకొచ్చి గియోమ్‌కి ఇస్తుంది, వాడు చచ్చిపోతాడు. వాడు పోయిన తర్వాత గానీ ఆమెకి అర్థం కాదు, తనలో రగిలినది ద్వేషం ఒక్కటే కాదని, వాడు లేని లోకంలో తనకి వెలుగు మిగల్లేదని. తొంభై ఏళ్ల కిందటి ఈ చిన్న కథలో ఈ కోవ నవలలకి కావలసిన ఎముకలన్నీ ఉన్నాయి. అవమానం, బేరం, ముందే కట్టిన కొంత ధర, పని పూర్తయ్యాక వచ్చిన అసలు బిల్లు.

ఇప్పుడు మళ్లీ రిన్ దగ్గరికి వద్దాం. "ది పాపీ వార్" 2018లో వచ్చింది, తర్వాతి రెండూ 2019లో, 2020లో. క్వాంగ్ చైనాలో పుట్టి అమెరికాలో పెరిగిన రచయిత్రి, చైనా చరిత్ర చదువుకున్న మనిషి. నవలలోని నికాన్ దేశం వెనక చైనా ఉంది, ముగెన్ వెనక జపాన్ ఉంది. రిన్ నడకని మావో జీవితపు దారిని దృష్టిలో పెట్టుకుని మలిచానని ఆమె చెప్పింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే నవల చదివే తీరే మారిపోతుంది. పల్లెటూరి పేదరికంలోంచి, చిన్నచూపులోంచి వచ్చిన ఒక తెలివైన మనిషి లక్షల ప్రాణాల మీద నిర్ణయం తీసుకునే చోటికి ఎలా చేరుతుంది అనేదే అక్కడి ప్రశ్న.

రచయిత్రి కట్టిన మెట్లు చూడండి. మొదటి మెట్టు మైనం. కాలింది తన చర్మం, మానిపోతుంది. రెండో మెట్టు విద్యాలయంలో. మొదటిసారి నెలసరి వచ్చి, నొప్పికి పాఠాలు పోతుంటే, వైద్యురాలి దగ్గర ఒక మందు అడిగి తాగుతుంది. ఇక నెలసరి ఉండదు, పిల్లలు పుట్టరు. ఆ పూటంతా నొప్పితో మెలికలు తిరుగుతుంది, తర్వాత లేచి చదువుకోవడానికి వెళ్లిపోతుంది. పోయింది మళ్లీ తన ఒంట్లోదే, కానీ ఈసారి తిరిగి రాదు. యుద్ధవిద్య క్లాసులోంచి గురువు వెళ్లగొడితే, జియాంగ్ అనే పిచ్చి గురువు ఒక పందిపిల్లని చేతికిచ్చి రోజూ మోసుకుంటూ కొండెక్కమంటాడు. పంది పెరుగుతుంది, మోసే బలమూ పెరుగుతుంది. చదువుతుంటే నవ్వొచ్చే భాగం ఇది. నవల మొత్తానికి కొలబద్ద కూడా ఇదే. బరువు రోజుకి కాస్తే పెరుగుతుంది, మోస్తున్నవాళ్లకి తేడా తెలియదు. ఆ బరువు చదివేవాళ్ల భుజాల మీద కూడా ఉంది.

తర్వాతి మెట్టు దేవతలు. నల్లమందు లాంటి మత్తులతో స్పృహ దాటి వెళ్తే అరవై నలుగురు దేవతల సన్నిధి దొరుకుతుంది. జియాంగ్ నేర్పేది తెలుసుకోవడానికే, వాళ్లని యుద్ధంలోకి పిలవొద్దని మరీ మరీ చెబుతాడు. ఎందుకు వద్దో నవల కళ్లకి కట్టి చూపిస్తుంది. దేవతని పిలిచి తిరిగి పంపలేకపోయినవాళ్లని చులూ కోరిఖ్ అనే కొండ కడుపులో రాతిలో కూరేసి ఉంచుతారు. వాళ్లు చావరు, కదల్లేరు. ఇందులో ఉన్న పనితనం గమనించదగ్గది. నాయిక కట్టబోయే ధరని ఇంకొకళ్ల మీద ముందే చూపించేశారు. ఇక ఆమె "తెలియక చేశాను" అనలేదు, మనమూ అనలేం.

ఆ తర్వాత యుద్ధం వస్తుంది, గోలిన్ నీస్ నగరం వస్తుంది. 1937 డిసెంబరులో జపాన్ సైన్యం నాన్‌జింగ్‌లో జరిపిన మారణకాండ ఆధారంగా రాసిన భాగం అది. శవాల మధ్య రిన్ నడుస్తుంటే మనం కోరుకునేది ఒకటే, దీనికి కారణమైనవాళ్లు కాలిపోవాలని. చివరికి ఆమె ఫీనిక్స్ దేవతని పూర్తిగా తనలోకి పిలుస్తుంది, ముగెన్ దీవి కాలిపోతుంది. సైనికులతోపాటు ఏ యుద్ధమూ చేయని జనం కూడా.

మెట్లన్నీ వరసగా పెట్టి ఒక్క ప్రశ్న అడిగితే గుట్టు బయటపడుతుంది. ధర ఎవరి ఒంటి మీంచి పోతోంది? మొదట తన చర్మం, తర్వాత తన గర్భసంచి, తర్వాత తన మనస్సు, చివరికి పేరూ ఊరూ తెలియని లక్షల మంది. చెల్లించేవాళ్లు మారిపోయారు, మనం పలికే "శెభాష్" మాత్రం మారలేదు. తనని తాను కాల్చుకున్నప్పుడు మెచ్చుకున్న గుణమే ఇతరుల్ని కాల్చింది. దేనికీ వెనకాడకపోవడం అనే ఆ ఒక్క గుణం రెండు చోట్లా ఒకటే. రచయిత్రి దాన్ని ఎక్కడా దాచలేదు.

ఈ దేవతల వ్యవహారం ఇంగ్లిష్ పాఠకులకంటే తెలుగు పాఠకులకి దగ్గరగా అనిపించాలి. పూనకం మనకి కొత్త కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ నోట మాట్లాడేది అమ్మవారని జనం నమ్మకం. శివమెత్తినామె అరిచిన అరుపుకి రేపు పొద్దున ఆమెని ఎవరూ నిలదీయరు. క్వాంగ్ నవల సరిగ్గా ఆ మినహాయింపునే తీసేస్తుంది. పూనకంలో కాల్చినా లెక్క చెప్పాల్సింది నువ్వే అంటుంది, ఎందుకంటే పిలిచింది నువ్వు.

మన వ్యాకరణంలో దీనికి ఒక వింత సౌలభ్యం ఉంది. ఇంగ్లిష్‌లో కాల్చింది ఆమెనా, నిప్పా, దేవతా అని సర్వనామం తేల్చి చెప్పాలి. తెలుగులో కర్త లేకుండా "కాల్చింది" అని ఊరుకోవచ్చు. అమ్మాయి కాల్చింది, నిప్పు కాల్చింది, అమ్మవారు కాల్చింది, క్రియ ఒక్కటే. మనిషి ఎక్కడ ఆగి శక్తి ఎక్కడ మొదలైందో చెప్పకుండా పేజీల కొద్దీ నడపొచ్చు. ఈ కోవలో తెలుగులో రాయాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి పనిముట్టు దొరకదు. దాన్ని వాడుకోవాలంటే ప్రతి వాక్యంలోనూ నాయిక పేరు పెట్టే అలవాటు మానుకోవాలి.

జెమిసిన్ పద్ధతి ఇంకోలా ఉంటుంది. "ది ఫిఫ్త్ సీజన్" 2015లో వచ్చింది. ఆ త్రయంలోని మూడు నవలలకీ 2016, 2017, 2018ల్లో వరసగా ఉత్తమ నవల హ్యూగో అవార్డులు వచ్చాయి. అలా వరసగా మూడేళ్లు గెలుచుకున్న మొదటి రచయిత ఆమే. నాయిక ఎస్సున్ నలభై దాటిన తల్లి. ఇంటికొచ్చేసరికి చిన్న కొడుకు నేల మీద చచ్చి పడి ఉంటాడు. చంపింది భర్తే, భూమిని కదిలించే శక్తి ఆ పిల్లాడికి ఉందని తెలిసి. కూతురిని తీసుకుని వెళ్లిపోయాడు. ఆ శక్తి ఎస్సున్‌కీ ఉంది. శక్తికి కావలసిన వేడిని చుట్టూ ఉన్నవాటి నుంచి లాక్కోవాలి, ప్రాణులతో సహా. అదుపు తప్పితే పక్కనున్న మనిషి గడ్డకట్టి చచ్చిపోతాడు. రిన్ కథలో మెట్టు మెట్టుగా జరిగినది ఇక్కడ శక్తి స్వభావంలోనే ఉంది. కోపం వచ్చిందంటే ధర పక్కవాళ్లే కడతారు.

ఎస్సున్ భాగాన్ని రచయిత్రి "నువ్వు" అని రాస్తుంది. నువ్వు లేచావు, నువ్వు చంపావు. మొదట ఇబ్బందిగా ఉంటుంది. వంద పేజీలు దాటేసరికి ఆమె తప్పులకి మనమే సంజాయిషీ ఇచ్చుకుంటూ ఉంటాం.

ఆ నవలల్లో ఒక చెయ్యి ఉంది, నాకు మొత్తం త్రయం ఆ చేతిలోనే కనిపిస్తుంది. డమాయా అనే చిన్నపిల్లకీ ఆ శక్తి ఉంది. అలాంటివాళ్లని అదుపులో పెట్టే షాఫా అనే సంరక్షకుడు ఆమెని గుర్రం మీద తీసుకెళుతుంటాడు. దారిలో, మెత్తగా మాట్లాడుతూ, ఆ పిల్ల చేతి ఎముకలు విరిచేస్తాడు. నొప్పిలో కూడా శక్తిని అదుపులో ఉంచుకుంటే బతుకుతుంది, లేకపోతే చంపేస్తాడు. నిన్ను ప్రేమిస్తున్నాను కాబట్టే అంటాడు. ఆ డమాయాయే పెరిగి ఎస్సున్ అయిందని తర్వాత తెలుస్తుంది. రెండో నవలలో ఇంకోటి తెలుస్తుంది, కూతురు నాసున్‌కి అదుపు నేర్పడానికి ఎస్సున్ కూడా కూతురి చెయ్యి విరిచిందని. బయటివాళ్ల చేతిలో చావకుండా కాపాడాలనే. ఈ తల్లిని అసహ్యించుకోలేం, క్షమించనూ లేం. "సంక్లిష్టమైన నాయిక" అన్న మాటకి నాకు తెలిసిన నిర్వచనం ఇదే. తనకి జరిగిన అన్యాయాన్ని ప్రేమ పేరుతో తానే ఇంకొకరికి చేస్తుంది, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఆడవాళ్లు ఈ నవలల్ని ఎందుకింతగా చదువుతారంటే, వీటిలో కోపానికి చివరిదాకా వెళ్లే అనుమతి ఉంది. మామూలు కథల్లో ఆడదాని కోపాన్ని మూడో అంకంలో ఎవరో ఒకరు చల్లారుస్తారు. ప్రేమికుడో, బిడ్డో, పశ్చాత్తాపమో. ఇక్కడ ఎవరూ నీళ్లు చల్లరు. అది ఎక్కడికి పోతుందో చూడనిస్తారు.

ఇక ఎక్కడ చెడుతుందో చూద్దాం. ఎక్కువ నవలలు చెడేది ధర వెనక్కి ఇచ్చేయడం వల్ల. మొదటి పుస్తకంలో కన్ను పోగొట్టుకున్న నాయికకి మూడో పుస్తకంలో ఇంకా మంచి కన్ను వస్తుంది, చచ్చిన స్నేహితురాలు ఏదో మంత్రంతో లేచి వస్తుంది. అప్పటిదాకా పడ్డ బాధంతా అప్పుగా ఇచ్చి వసూలు చేసుకున్నట్టు అయిపోతుంది. ఒకసారి అలా జరిగిందంటే తర్వాతి గాయాలకి పాఠకుడు ఉలిక్కిపడడు.

రెండోది, ఉగ్రతకి కారణంగా ఒక అత్యాచారాన్ని పెట్టి చేతులు దులుపుకోవడం. హింసని చూపించడమే తప్పని నేననను. ఇక్కడి తప్పు కథ కట్టుబాటులో ఉంది. నాయిక చేసే ప్రతి పనికీ అసలు కర్త ఆ దుర్మార్గుడైపోతాడు, ఆమె నిర్ణయం ఏదీ ఆమెది కాకుండా పోతుంది. రిన్‌ని గమనించండి, ఆమెకి మొదట ఉన్నది కోరిక. ఈ ఊరు దాటాలి, ఇంకెప్పుడూ ఎవరి కాళ్ల దగ్గరా ఉండకూడదు. గాయాలు ఆ కోరికని వంకర తిప్పాయి, పుట్టించలేదు.

పదునైన నాలుక, పదునైన కత్తి ఉండి, ప్రతి గొడవలోనూ అవతలివాళ్లే తప్పని తేలే నాయికల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక్క పరీక్ష చాలు. ఆమె తప్పు నిర్ణయం తీసుకున్నప్పుడు ఎవరైనా చనిపోయారా?

కొత్తగా చదివేవాళ్లు మొదటి యాభై పేజీల్లో మూడు విషయాలు వెతకండి. రక్తం చిందకముందే ఆమెకి ఏం కావాలో ఒక్క వాక్యంలో మీకు తెలియాలి. శక్తికి ధర ఉందని ఎవరి మీదో ఒకరి మీద కనిపించాలి. ఆమెని ప్రేమిస్తూనే "వద్దు" అనగలిగే మనిషి ఒకరు ఉండాలి. రిన్‌కి ఆ మనిషి కిటాయ్. విద్యాలయంలో స్నేహితుడు, చదివింది మరిచిపోనివాడు. దీవి కాలిపోయాక అతను ఆ పనిని ఒప్పుకోడు. ఆ ఒక్క గొంతు లేకపోతే రచయిత్రి కూడా నిప్పు పక్షమేనని పొరపడతాం.

"ది పాపీ వార్" మొదటి భాగం బడి కథలా సాగుతుంది, నాయిక వయసు చిన్నది. అందుకని దీన్ని టీనేజి పిల్లల పుస్తకమనుకుని కొనిపెడుతుంటారు. ఇది పెద్దవాళ్ల నవల. గోలిన్ నీస్ వచ్చే 21వ అధ్యాయంలో హింస వర్ణన తట్టుకోవడం తేలిక కాదు. చదవలేకపోతే ఆ వర్ణన దాటేయండి, పరవాలేదు. కానీ దాని తర్వాత రిన్ తీసుకునే నిర్ణయాల్ని ఒక్క పేజీ కూడా వదలకుండా చదవండి. అధ్యాయం వదిలేసి నిర్ణయం కూడా తొందరగా చదివేస్తే ఆమె ఉత్త రాక్షసిలా మిగులుతుంది.

తెలుగులో రాయాలనుకునేవాళ్లకి కావలసిన మనిషి పల్నాడులోనే ఉంది. నాయకురాలు నాగమ్మ. పన్నెండో శతాబ్దంలో నలగామరాజు దగ్గర మంత్రిణి. కోడిపందెంలో అవతలి పక్షాన్ని ఓడించి ఏడేళ్లు వలస పంపింది, ఆ పగ కారంపూడి యుద్ధం దాకా వెళ్లింది. ఆమె కథ మనకి వచ్చింది ఎక్కువగా బ్రహ్మనాయుడి పక్షం పాడుకున్న గొంతులోంచే. అదే కథని పందెం పుంజు కాలికి కత్తి కట్టే క్షణం దగ్గర మొదలుపెట్టి, నాగమ్మ కళ్లతో చూపిస్తూ, ఆమె అడిగిన ఒక్కో గెలుపుకీ ఎవరు ఏం చెల్లించారో రాసుకుంటూ వెళ్తే, మంత్రాలు చాలా తక్కువే అవసరమవుతాయి.

క్వాంగ్ మూడో నవల చివర్లో ధర తిరిగి రిన్ దగ్గరికే వస్తుంది. యుద్ధం గెలిచిన తర్వాత దేశంలో తిండి లేదు, ఆమెకి ఎవరి మీదా నమ్మకం లేదు, శక్తి మాత్రం ఉంది. తాను బతికి ఉంటే నిప్పు ఆగదని అర్థమై, ఒకప్పటి సహాధ్యాయి, తర్వాత శత్రువు అయిన నేజా చేతిలో చావుని తానే ఎంచుకుంటుంది. ఇన్ని మెట్ల తర్వాత మొదటిసారి మళ్లీ తన ఒంటి మీంచే చెల్లిస్తుంది. కానీ అప్పటికే ఆమె శక్తికి ఊతంగా కిటాయ్ ఆత్మ ఆమె ఆత్మతో ముడిపడి ఉంది. ఆమె చనిపోతే అతనూ చనిపోతాడు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.